సమాకలనం తెలుగువాడికి కొరుకుడు పడదా?

"కలనగణితాన్ని తెలుగులో చెప్పలేం, చెప్పినా ఆ పదాలు ఒట్టి పాషాణాలు" అని పెద్దలు కొందరు తీర్పులిస్తుంటారు. తెలుగు పండితుడికి గణితంతో పనేమిటని అడగకండి. దోషం పదానిదే అంటున్నారు గనుక, పదం విప్పడం నా పనే.

కలనం అంటే లెక్కించడం. సమ్, ఆ అనే ఉపసర్గలు చేరితే సమాకలనం: చక్కగా ఒకచోట కూడగట్టడం. బడిపిల్లలెరిగిన సంకలనానికి తోబుట్టువు. 1675లో లైబ్నిట్జ్ ఎంచుకున్న గుర్తు సైతం, మొత్తమనే అర్థంగల లాటిను 'సుమ్మా' తొలి అక్షరాన్ని నిలువునా సాగదీసినదే. గుర్తూ పదమూ చెప్పేది ఒకటే: కూడు!

మన పాఠం మాత్రం "సమాకలనం అవకలనానికి విలోమ ప్రక్రియ" అనే వాక్యంతో మొదలై, మరుక్షణమే సూత్రాల పట్టికలో పడుతుంది. పిల్లవాడు పట్టిక వల్లిస్తాడు. దేన్ని కూడుతున్నాడో ఎరుగడు. అర్థం తెలియక శబ్దమంజరి వల్లించడానికీ దీనికీ భేదమేమిటి?

2014లో మూతపడి 2018లో తిరిగి తెరుచుకున్న కాగితపు మిల్లు ఉన్న ఊరు మా కాగజ్‌నగర్. ఇక్కడి పిల్లలకు కాగితపు చుట్టను చూపండి. నడుమ బోలు లేదనుకుందాం. దాని ముఖం వృత్తం. ఒక్కొక్క పొర ఒక్కొక్క వలయం. వ్యాసార్థం వెంట ఒక కోత పెట్టి, వలయాలను చాపి, పెద్దది అడుగున ఉండేట్లు వరుసగా పేర్చండి. పొర పలుచనయ్యేకొద్దీ అంచులు నునుపుదేరి త్రిభుజం ఏర్పడుతుంది. భూమి చుట్ట పరిధి, ఎత్తు వ్యాసార్థం. వ్యాసార్థం 7 అంగుళాలైతే పరిధి సుమారు 44. వాటి లబ్ధంలో సగం 154 చదరపు అంగుళాలు. వృత్త వైశాల్య సూత్రమూ అదే చెబుతుంది. ఇదే సమాకలనం!

పరీక్షకు సూత్రాలు అక్కరలేదా అంటారు. కావాలి. ఇంత పెద్ద కూడికను విలోమ ప్రక్రియ చిటికెలో తేల్చడం అద్భుతమే. కూడిక కష్టమెరిగినవాడికే ఆ అద్భుతం తెలుస్తుంది. నా తగవు ముందువెనుకల గురించే.

ఇక దేశభాషకు చాలదంటారా? సుమారు 1530లో జ్యేష్ఠదేవుడు 'యుక్తిభాష'ను మలయాళంలో రచించి, గోళాన్ని పలుచని పొరలుగా భావించి, వాటిని కూడి ఘనపరిమాణం సాధించాడు. న్యూటన్ పుట్టడానికి వందేళ్ళు ముందుమాట. మహావీరాచార్యుని గణితసారసంగ్రహాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకే తెచ్చాడు.

అయ్యా, లోపం భాషలో లేదు, బోధనలో ఉంది. ముందు కూడడం నేర్పండి. పట్టిక తరువాత ఇవ్వండి.