అమ్మమ్మ చెప్పిన రామాయణం

యానాం నుంచి పుదుచ్చేరికి 800 కిలోమీటర్లు పైమాటే. అయినా రెండూ ఒకే కేంద్రపాలిత ప్రాంతం. 1954లో ఫ్రెంచివారు దిగిపోయాక కూడా యానాం పాలన అక్కడి నుంచే సాగింది. అలా ఉద్యోగాల మీద వెళ్లి పుదుచ్చేరిలో స్థిరపడిన తెలుగు ఇళ్లకు వేసవి వస్తే మనవల తాకిడి. 1980లలో ఆ పిల్లలను ఊరించింది సముద్రం ఒక్కటే కాదు. అమ్మమ్మ ఇంట్లో చెక్క పెట్టెలో కొలువుదీరిన నలుపు తెలుపు టీవీ కూడా.

మద్రాసు దూరదర్శన్ కేంద్రం 1975 ఆగస్టు 15న మొదలైంది. దాదాపు 150 కిలోమీటర్ల దూరం నుంచి బొమ్మను పట్టుకోవాలంటే డాబా మీద పొడవాటి గొట్టం, దాని చివర యాంటెన్నా, కింద బూస్టరు ఉండాల్సిందే. గాలి వీస్తే తెర నిండా చుక్కలు. ఒకడు డాబా ఎక్కి గొట్టం తిప్పుతుంటే, కిటికీలోంచి ఇంకొకడు ‘వచ్చింది... పోయింది’ అని కేకలేసేవాడు. శుక్రవారం సినిమా పాటల ‘ఒలియుం ఒళియుం’ వేళకు వీధిలో పిల్లలంతా హాల్లోనే.

చిక్కల్లా భాషతోనే. సాయంత్రం తమిళం. 1982 ఆగస్టు 15న జాతీయ కార్యక్రమం మొదలయ్యాక రాత్రి హిందీ, ఇంగ్లిషు. తెలుగు వినబడాలంటే ఆదివారం మధ్యాహ్నం ప్రాంతీయ చిత్రాల వరసలో మన వంతు రావాలి.

1987 జనవరి 25న రామానంద్ సాగర్ ‘రామాయణ్’ మొదలైంది. మాటలు హిందీ. ఇంట్లో ఎవరికీ రాదు. అమ్మమ్మకు అసలే రాదు. కానీ కథ తెలుసు. ‘ఇప్పుడేమంది అమ్మమ్మా?’ అంటే, ‘అడవికి పొమ్మంటోందిరా, ముసల్ది చెడగొట్టింది’ అనేది. అదే ముక్క పక్కింటామెకు తమిళంలో చెప్పేది. టీవీ వదిలేసిన పిట్టకథలు మధ్యాహ్నం అన్నాల దగ్గర తానే పూరించేది. ఆ ఇంట్లో బొమ్మ ఢిల్లీది, గొంతు అమ్మమ్మది.

1990లలో ప్రైవేటు చానళ్లు వచ్చాయి. 1995లో ఈటీవీ మొదలయ్యాక రోజంతా తెలుగే. ఇక అర్థం కానిదంటూ లేదు, అడగాల్సిన పనీ లేదు. మనవలు ఒక గదిలో, అమ్మమ్మ ఇంకో గదిలో. కావలసినంత తెలుగు వచ్చాక ఇంట్లో మాట్లాడే తెలుగు తగ్గింది.

2020 మార్చి 28న, లాక్‌డౌన్‌లో, దూరదర్శన్ అదే ‘రామాయణ్’ను మళ్లీ ప్రసారం చేసింది. ఆనాటి మనవలు తమ పిల్లలను పక్కన కూర్చోబెట్టుకున్నారు. ఈసారి బొమ్మ చెదరలేదు, డాబా ఎక్కాల్సిన పని పడలేదు. పిల్లలకు హిందీ కూడా వచ్చు. ‘ఇప్పుడేమంది?’ అని మాత్రం ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే చెప్పడానికి తమకెంత కథ గుర్తుందో ఆ పెద్దలకు అప్పుడు తెలిసేది.