మ్యాక్ ఉంటేనే స్టూడియో అనేవారికి

ఛత్తీస్‌గఢ్‌లో భిలాయిలోని హథ్‌ఖోజ్ పారిశ్రామికవాడలో ఏదైనా పీసీ క్యాబినెట్ మూత తీసి చూడండి. ఫ్యాన్ ముందున్న జాలీ మీద పేరుకున్నది మామూలు ఇంటి దుమ్ము కాదు. నల్లగా, బరువుగా ఉంటుంది, వేలికి అంటితే సబ్బుకి కూడా ఓ పట్టాన వదలదు. పాత స్పీకర్ అయస్కాంతం దగ్గరికి తెస్తే అందులో కొంత లేచి దానికి అతుక్కుంటుంది. చుట్టూ రోలింగ్ మిల్లులు, ఫ్యాబ్రికేషన్ షెడ్లు ఉన్నచోట గాలిలోనే ఇనుప పొడి ఉంటుంది. వేసవిలో ఎండ 44, 45 డిగ్రీలు దాటుతుంది. ఇలాంటి చోట పాటల స్టూడియో నడపాలనుకునే కుర్రాళ్లు ఉన్నారు. నవరాత్రులకి అమ్మవారి జస్ గీతాలు, హోలీకి ఫాగ్ పాటలు, సత్నామీ భక్తుల పంథీ పాటలు రికార్డు చేస్తారు. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి ఉక్కు కర్మాగారం పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయిన మనవాళ్ల భజనలూ వాళ్ల దగ్గరికే వస్తాయి.

ఈ కుర్రాళ్లు ఎవరిని సలహా అడిగినా ఒకటే జవాబు: "ప్రొఫెషనల్‌గా చెయ్యాలంటే మ్యాక్ కొనుక్కో బాబూ. పీసీ గేములకి, ఆఫీసు లెక్కలకి." ఉన్న మ్యాక్ పాతబడి పీసీకి మారదామనుకున్నవాడికైతే ఇంకా ఘాటుగా చెబుతారు, దిగజారిపోతున్నాడన్నట్టు. ఈ మాట పెద్ద ఊళ్ల స్టూడియోల్లో పుట్టి, యూట్యూబ్ పాఠాల్లో పెరిగి, ఇప్పుడు సౌండ్ నేర్పే కోర్సుల్లో సిద్ధాంతంలా చలామణీ అవుతోంది. నేను దీన్ని ఒప్పుకోను. మ్యాక్ చెడ్డ యంత్రమని కాదు. స్టూడియోకి పనికొచ్చే కంప్యూటర్ ఏదో తేల్చేది దాని మీద ఉన్న గుర్తు కాదు, అది ఆగిపోయిన రోజున ఆ ఊళ్లో ఎంతసేపట్లో మళ్లీ నడుస్తుందన్నది. హథ్‌ఖోజ్‌లో ఆ లెక్క వేస్తే పీసీయే నిలుస్తుంది.

అసలు ఈ అలవాటు ఎక్కణ్నుంచి వచ్చిందో చూడాలి. 1980ల చివర్లో డిజిడిజైన్ అనే అమెరికన్ కంపెనీ మకింటాష్‌లో బిగించే కార్డులతో సౌండ్ టూల్స్ అనే రికార్డింగ్ వ్యవస్థని తెచ్చింది. 1991లో అదే ప్రో టూల్స్ అయింది. ఆనాటి కంప్యూటర్ ప్రాసెసర్‌కి పాటంతా మోసే సత్తువ లేదు, బరువంతా ఆ కార్డుల్లోని చిప్పులదే. కార్డులు మ్యాక్‌కే దొరికేవి కాబట్టి స్టూడియోలు మ్యాక్ కొన్నాయి. విండోస్‌కి ప్రో టూల్స్ వచ్చేసరికి అలవాటు ముదిరిపోయింది. లాజిక్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ కథ ఇంకా స్పష్టం. అది ఒకప్పుడు విండోస్ మీద కూడా నడిచేది. 2002లో ఆపిల్ ఆ సాఫ్ట్‌వేర్ చేసే జర్మన్ కంపెనీ ఇమ్యాజిక్‌ని కొనేసి, విండోస్ వెర్షన్ ఆపేసింది. అప్పటిదాకా పీసీ మీద లాజిక్‌తో బతికినవాళ్లు ఒక్క ప్రకటనతో రోడ్డున పడ్డారు. "లాజిక్ మ్యాక్‌లోనే ఉంది, అందుకే మ్యాక్ గొప్పది" అనేవాళ్లు ఈ సంగతి తెలుసుకోవాలి. అది వ్యాపార నిర్ణయం. ధ్వని నాణ్యతకీ దానికీ సంబంధం లేదు.

నాణ్యత సంగతి ఎవరి గదిలో వాళ్లు పరీక్షించుకోవచ్చు. రీపర్, క్యూబేస్ లాంటి రికార్డింగ్ సాఫ్ట్‌వేర్లు మ్యాక్, పీసీ రెండింటి మీదా నడుస్తాయి. ఒకే పాట సెషన్‌ని, అవే సెట్టింగులతో మ్యాక్‌లో ఒకసారి, పీసీలో ఒకసారి రెండర్ చెయ్యండి. ఆ రెండు ఫైళ్లనీ పక్కపక్కన రెండు ట్రాకుల్లో పెట్టి, ఒకదాని పోలారిటీ తిప్పి కలిపి వినండి. కోరస్ లాంటి, ప్రతిసారీ కాస్త మారే ఎఫెక్టులు లేకపోతే ఏమీ వినపడదు. మీటరు కూడా దాదాపు లేవదు. ఒక ఫైలు ఇంకోదాన్ని పూర్తిగా చెరిపేసిందంటే రెండూ ఒకటే. "మ్యాక్‌లో సౌండ్ వెచ్చగా ఉంటుంది" అని చెప్పేవారిని ఈ పరీక్ష ముందు కూర్చోబెట్టాలి.

పెద్దవాళ్ల పేర్లు చెబుతారు. ఏ.ఆర్. రెహమాన్ లాజిక్ వాడతారు, నిజమే. చెన్నైలో ఆయన నెలకొల్పిన కేఎం మ్యూజిక్ కన్జర్వేటరీకి ఆపిల్ 2018లో మ్యాక్ ల్యాబులు ప్రకటించింది, అదీ నిజమే. మరి హాలీవుడ్ స్వరకర్త హాన్స్ జిమ్మర్ దశాబ్దాలుగా క్యూబేస్ మనిషి, ఆయన పని పీసీ మీద. ఈ ఇద్దరి పాటల్లో ఏది ఏ యంత్రం మీద పుట్టిందో చెవితో చెప్పగలవాడు లేడు. మన డీజేల చేతుల్లో ఉండే ఎఫ్ఎల్ స్టూడియోకి 2018 దాకా అసలు మ్యాక్ వెర్షనే లేదు. నవరాత్రికి, గణపతి పందిళ్లకి బీట్లు కట్టే కుర్రాడు తెచ్చే ప్రాజెక్టు ఫైలు, వాడి ప్లగిన్లతో సహా, తలనొప్పి లేకుండా తెరుచుకునేది పీసీలోనే.

మ్యాక్ వైపున్న న్యాయాన్ని దాచను. దాని ఆడియో వ్యవస్థ కోర్ ఆడియో ఆపరేటింగ్ సిస్టమ్‌లోనే భాగం. సౌండ్ కార్డు తగిలిస్తే చాలు, పని మొదలవుతుంది. విండోస్‌లో ఆలస్యం తగ్గించే ఏఎస్ఐఓ డ్రైవరు కావాలి, అది కార్డు తయారుచేసినవాడు మంచిగా రాసి ఉండాలి. 2020 తర్వాతి ఆపిల్ చిప్పులు తక్కువ కరెంటుతో, ఫ్యాను చప్పుడు లేకుండా చాలా పని చేస్తాయి. ఎం4 మ్యాక్ మినీ 2024లో రూ. 59,900కి వచ్చినప్పుడు "ఇంకా పీసీ ఎందుకు?" అని నన్నే చాలామంది అడిగారు. ఆ ధరకి వచ్చేది 256 జీబీ స్టోరేజి, 16 జీబీ మెమరీ. అప్పట్లో స్టోరేజి 512 చేస్తే రూ. 79,900 అయ్యేది. మెమరీ కూడా 24 చేస్తే రూ. 99,900 అయ్యేది. పెద్ద ఆర్కెస్ట్రా శబ్దాల లైబ్రరీ ఒక్కటే వంద జీబీ దాటవచ్చు. దాన్ని బయటి ఎస్ఎస్‌డీలో పెట్టుకోవచ్చు గానీ మెమరీని బయట పెట్టుకోలేం. కొన్న రోజున ఎంత ఉందో చివరిదాకా అంతే. ఈ ఏడు తబలా, హార్మోనియం రికార్డు చేసే కుర్రాడికి వచ్చే ఏడు సినిమా నేపథ్య సంగీతం దొరికితే మొత్తం పెట్టె మార్చాలి. పీసీలో అయితే ఖాళీగా ఉన్న స్లాటులో ఇంకో స్టిక్ గుచ్చుతాడు.

ఇక ఆయుష్షు. 2019లో వచ్చిన మ్యాక్ఓఎస్ వెర్షన్ కాటలీనా 32-బిట్ ప్రోగ్రాములని నడపడం మానేసింది. డబ్బులు పోసి కొనుక్కున్న ఎన్నో పాత ప్లగిన్లు ఆ రోజుతో చచ్చిపోయాయి. ఇంటెల్ చిప్పు మ్యాక్ ప్రోని ఆపిల్ 2023 జూన్ దాకా అమ్మింది. 2025లో వచ్చిన మ్యాక్ఓఎస్ టాహో తర్వాత ఇంటెల్ మ్యాక్‌లకి కొత్త వెర్షన్ లేదని చెప్పేసింది. లక్షలు పెట్టి కొన్న స్టూడియో యంత్రానికి రెండేళ్లకే దారి మూసుకుపోయింది. విండోస్‌లోనూ ఇలాంటిది ఉంది. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10 మద్దతు ముగిసింది, చాలా పాత ప్రాసెసర్లు 11కి అర్హం కావు. కానీ అప్పుడు మార్చాల్సింది మదర్‌బోర్డు, ప్రాసెసరు, మహా అయితే మెమరీ. క్యాబినెట్, లోపలి భాగాలకి కరెంటిచ్చే ఎస్ఎంపీఎస్, డిస్కులు, సౌండ్ కార్డు అలాగే ఉంటాయి.

నా వాదనంతా నిలబడేది ఇప్పుడు చెప్పబోయే దాని మీదే. నవరాత్రికి ముందు వారం ఈ ప్రాంతపు స్టూడియోలకి సంవత్సరం మొత్తంలో పెద్ద వారం. గాయకులు వరసలో ఉంటారు, పాట ఘటస్థాపన నాటికి బయటికి రావాలి. మిల్లులున్న లైనులో వోల్టేజీ ఊగితే ముందు పోయేది ఎస్ఎంపీఎస్. పీసీ అయితే నాలుగు స్క్రూలు విప్పి, సుపేలాలోనో పవర్ హౌస్ బజారులోనో కొత్తది తెచ్చి బిగించి, మధ్యాహ్నం సెషన్ మధ్యాహ్నమే చేస్తారు. డిస్కు పోయినా అంతే. ఆ కేబుళ్లు పీకి పెట్టడం కుర్రాడికి చేతనవును, చేతకాకపోతే పక్కవీధిలో ఒకడికి వచ్చు. ఇప్పటి మ్యాక్‌లలో మెమరీ చిప్పుతోనే కలిసి ఉంటుంది, చాలా మోడళ్లలో స్టోరేజీ బోర్డుకే అతికి ఉంటుంది. బోర్డు పోయిందంటే పెట్టె సంచిలో వేసుకుని రాయ్‌పూర్ వెళ్లాలి, బోర్డు ఎప్పుడొస్తుందో కనుక్కోవాలి. గాయకులు అప్పటిదాకా ఆగరు, పక్క స్టూడియోకి వెళ్లిపోతారు. ముంబయిలో పెద్ద స్టూడియో ఇంకో మ్యాక్ తెచ్చి పెట్టుకోగలదు. ఆ స్తోమత లేనివాడికి ఆ సలహా ఇవ్వడం అన్యాయం.

పీసీకి మారేవాళ్లు తొందరపడి మాత్రం మ్యాక్ అమ్మకూడదు. లాజిక్ ప్రాజెక్టు విండోస్‌లో తెరుచుకోదు, మ్యాక్‌కే ప్రత్యేకమైన ఏయూ ప్లగిన్లూ అక్కడ నడవవు. ప్రతి పాటలో ప్రతి ట్రాకునీ మొదటి బారు నుంచే వేవ్ ఫైలుగా తీయాలి. ఎఫెక్టు వేసింది ఒకటి, ఎఫెక్టు లేని ఒట్టి గొంతు ఒకటి, రెండూ ఉంచుకోవాలి. మిడి ఫైళ్లు వేరుగా తీసి, టెంపో, శ్రుతి ఫోల్డరు పేరులోనే రాయాలి. మ్యాక్ పద్ధతిలో ఫార్మాట్ చేసిన డిస్కుని విండోస్ చదవదు కాబట్టి మోసుకెళ్లే డిస్కుని ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చెయ్యాలి. లైసెన్సులు ఒక యంత్రం మీద తీసేసి ఇంకోదాని మీద పెట్టాలి. ఇది విసుగు పని, రోజులు పడుతుంది. అయినా ఒకసారి చేశాక మీ పాటలు ఏ కంపెనీ ఫైలు రూపానికీ కట్టుబడి ఉండవు. మ్యాక్‌లోనే ఉండిపోయేవాళ్లు కూడా ఈ పని చేసి పెట్టుకోవాలని నా గట్టి అభిప్రాయం.

"పీసీలో చిటపటలొస్తాయి" అంటారు. వస్తాయి, చూసుకోకపోతే. 48 కిలోహెర్ట్జ్ దగ్గర 128 శాంపిళ్ల బఫరు అంటే 2.7 మిల్లీసెకన్లు. ఆ గడువులోగా ప్రాసెసర్ పని ముగించలేకపోతే చిటుక్కుమంటుంది. అడ్డుపడేది చాలాసార్లు వైఫై డ్రైవరో, గ్రాఫిక్స్ డ్రైవరో. లేటెన్సీమాన్ అనే చిన్న ప్రోగ్రాం ఏ డ్రైవరు దారికి అడ్డంగా కూర్చుందో పేరుతో చూపిస్తుంది. రికార్డింగ్ వేళ వైఫై ఆపండి. పవర్ ప్లాన్‌ని హై పెర్ఫార్మెన్స్‌లో పెట్టండి. యూఎస్‌బీకి కరెంటు తగ్గించే సెట్టింగు తీసెయ్యండి. అప్‌డేట్లు పనిలేని రోజుకి వాయిదా వెయ్యండి. స్పీకర్లలో గూంయ్ మనే హమ్‌కి కూడా చాలామంది పీసీనే తిడతారు. ఎక్కువసార్లు తప్పు ఎర్తింగ్‌ది. దాని కోసం ప్లగ్గులో మూడో పిన్ను విరగ్గొట్టేవాళ్లని చూశాను. ప్రాణానికే ప్రమాదం అది, ఎవరూ చెయ్యకండి. కార్డు, కంప్యూటరు, స్పీకర్లు అన్నిటికీ ఒకే లైను, ఒకే మంచి ఎర్తు ఇచ్చి, బ్యాలెన్స్‌డ్ కేబుళ్లు వాడితే హమ్ చాలావరకు పోతుంది. మ్యాక్ పెట్టినా ఈ పని తప్పదు.

అసలు నాణ్యత తేలేది కంప్యూటర్ కన్నా ముందే. పండవానీ (పాండవుల కథా గానం) గాయని తీజన్ బాయి పుట్టిన గనియారి ఈ భిలాయికి దగ్గరి ఊరే. 2019లో ఆమెకి పద్మవిభూషణ్ ఇచ్చారు. పండవానీ కథ చెప్పేటప్పుడు ఆమె గొంతు గుసగుస నుంచి భీముడి గర్జనకి ఒక్క గుక్కలో ఎక్కేది. అలాంటి గొంతుని పగలకుండా పట్టేది మైకు, దానికి గాయని నిలబడ్డ దూరం, ప్రీఆంప్ దగ్గర వదిలిన జాగా, గది. కంప్యూటర్‌కి చేరేసరికి మంచిచెడ్డలు అయిపోయి ఉంటాయి. హథ్‌ఖోజ్‌లో రాత్రీ పగలూ లారీలు తిరుగుతాయి, వాటి మంద్రమైన గుర్రు చప్పుడు సన్నని గోడలోంచీ, పలక తలుపులోంచీ లోపలికొచ్చి ప్రతి ట్రాకు అడుగునా కూర్చుంటుంది. మ్యాక్ కొనలేదని కుర్రాళ్లని చిన్నబుచ్చే గురువులు ముందు ఆ తలుపు సంగతి అడగాలి. పీసీకి పోగా మిగిలిన డబ్బు అక్కడ పెట్టించాలి: బరువైన తలుపు, దాని అంచుల చుట్టూ రబ్బరు పట్టీ, గోడకీ ప్లైవుడ్‌కీ మధ్య రాక్‌వూల్. ఆ తర్వాత మైకు.