తెరచాప గాలిమరను అడగాల్సిన పని

పాత ఫ్లెక్సీ గుడ్డలు, నాలుగు వెదురు గడలు, లారీ నుంచి విప్పిన బేరింగు, ఓ కారు డైనమో. వీటితో పెరట్లోనే కరెంటు పుట్టించవచ్చని చెప్పే వీడియోలకూ, కాలేజీ ప్రాజెక్టులకూ కొదవ లేదు. నిలువు ఇరుసు మీద తిరిగే యంత్రం కనుక గాలి ఏ దిక్కు నుంచి వీచినా ఫరవాలేదు. ఎత్తయిన టవర్ అక్కర్లేదు. డైనమో కిందే ఉంటుంది కాబట్టి మరమ్మతు కోసం ఎవరూ పైకి ఎక్కనక్కర్లేదు. ఇందులో ప్రతి మాటా నిజమే. అయినా ఇలాంటి గాలిమర ఇచ్చే వెలుగుతో ఏళ్ల తరబడి కాలక్షేపం చేస్తున్న ఊరు చూపించమంటే కష్టం. కారణం చిన్న లెక్కలోనే ఉంది.

4 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల ఎత్తు ఉన్న గాలిమర అనుకుందాం. గాలి సెకనుకు 4 మీటర్ల వేగంతో, అంటే గంటకు 14 కిలోమీటర్ల పైచిలుకుతో వీస్తోంది. నేల మీద అది మంచి గాలే. ఆ 8 చదరపు మీటర్ల గుండా సాగిపోయే గాలిలోని శక్తి మొత్తం కలిపి సుమారు 300 వాట్లు. ఎంత గొప్ప యంత్రమైనా అందులో 59 శాతానికి మించి రాబట్టలేదని జర్మన్ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బెట్జ్ వందేళ్ల కిందటే తేల్చాడు. మూడు రెక్కల భారీ టర్బైన్లు ఆ హద్దుకు చేరువ కావాలని చూస్తాయి. గాలి తోపుడునే నమ్ముకున్న గుడ్డ తెరచాపకు పదో వంతు దక్కితే గొప్ప. ఇటు పక్క తెరచాప గాలి వెంట పోతుంటే అటు పక్కది గాలికి ఎదురీదుకుంటూ రావాలి మరి. అంటే ఇరుసు దగ్గర మన చేతికొచ్చేది 30 వాట్లు.

అసలు చిక్కు వేగంతో. గాలి తోస్తే కదిలేది గాలిని మించి పరుగెత్తలేదు. సగం వేగం అందుకోవడమే ఎక్కువ. మన గాలిమర నిమిషానికి ఏడెనిమిది చుట్లు తిరుగుతుంది. కారు డైనమో ఛార్జింగు మొదలెట్టాలంటే వెయ్యి చుట్ల పైన కావాలి. మధ్యలో పుల్లీలు, బెల్టులు, గేర్లు బిగించి వేగాన్ని నూరు రెట్లకు పైగా పెంచాలి. ప్రతి మెట్టు దగ్గరా రాపిడి తన వాటా తీసుకుంటుంది, ఆ తర్వాత డైనమో, ఆపైన బ్యాటరీ. చివరికి 15 వాట్లు మిగిలితే అదృష్టం. 24 గంటలూ గాలి ఆగకుండా వీచినా రోజుకు మూడో వంతు యూనిట్ కంటే కాస్త ఎక్కువ. ఎండ ఉన్న రోజున ఒక్క 100 వాట్ల సోలార్ పలక ఉలుకూ పలుకూ లేకుండా అంతకు మించి ఇస్తుంది.

టవర్ అక్కర్లేదన్న మాట కూడా ఉచితంగా రాదు. మైదానంలో 10 మీటర్ల ఎత్తున ఉండే గాలి శక్తితో పోలిస్తే 3 మీటర్ల దగ్గర దాదాపు 40 శాతం తక్కువ. గాలి వేగం రెట్టింపైతే శక్తి ఎనిమిది రెట్లవుతుంది కనుకనే అనంతపురం కొండల మీద టర్బైన్లు అంత ఎత్తుకు లేచాయి. ఇక చవక అన్న మాట గుడ్డకే వర్తిస్తుంది. ఇరుసు, బేరింగులు, గేర్లు, బ్యాటరీ బజారు ధరకే కొనాలి.

మరి ఈ యంత్రం దండగా? చైనా ఉప్పు రైతులైతే అలా అనుకోలేదు. టియాంజిన్ దగ్గరి తీరంలోనూ, జియాంగ్సు తీరంలోనూ 20వ శతాబ్దం మధ్య వరకూ ఇలాంటివి తిరిగాయి. నడుమ నిలువు స్తంభం, చుట్టూ చట్రం, దాని అంచున ఎనిమిది గడలు, గడకొక తెరచాప. అచ్చం పడవ తెరచాపే. కిటుకంతా కట్టడంలో ఉంది. గడకు ఒక పక్క గుడ్డ తక్కువగా, రెండో పక్క ఎక్కువగా ఉండేలా కడతారు. వెడల్పు పక్క అంచుకు తాడు వేసి చట్రానికి ముడేస్తారు. గాలి వెంట పోయేటప్పుడు తాడు బిగిసి తెరచాప నిండుగా గాలి పడుతుంది. తిరిగొచ్చేటప్పుడు తాడు వదులై, తెరచాప తనంతట తానే మళ్లి, గాలికి అంచు మాత్రమే చూపిస్తూ వచ్చేస్తుంది. మోటారు లేదు, సెన్సర్ లేదు. చైనా సాంకేతిక చరిత్ర రాసిన జోసెఫ్ నీడమ్ ఈ అమరికను తన గ్రంథంలో ప్రత్యేకంగా చర్చించాడు.

ఆ గాలిమరలకు అప్పగించిన పని ఉప్పునీరు తోడడం. చెక్క పలకలు గుచ్చిన గొలుసు ఒకటి వాలు తొట్టి గుండా నీటిని పైకి ఈడ్చేది. దానికి నిదానమే కావాలి. ఇరాన్‌లోని సీస్తాన్‌లో 10వ శతాబ్దానికే అల్ మసూదీ రాతలకెక్కిన నిలువు గాలిమరలు కూడా ధాన్యం విసిరేందుకు, నీళ్లు తోడేందుకే పనికొచ్చాయి. మన 30 వాట్లనే తీసుకోండి. పంపులో సగం పోయినా, మిగతా సగం గంటకు దాదాపు 10,000 లీటర్ల నీటిని అర మీటరు ఎత్తుకు చేరుస్తుంది. బల్బు దగ్గర బిక్కచచ్చిన యంత్రమే ఇది.

మన దేశంలోనూ ప్రయత్నాలు జరిగాయి. 1973 ప్రాంతంలో మదురైలో మార్కస్ షెర్మన్ ఎడ్లబండి చక్రాన్నే కేంద్రంగా పెట్టి తెరచాప గాలిమర కట్టాడు. దాని ఇరుసు అడ్డంగా ఉండేది, పని నీళ్లు తోడడమే. 1980లలో కేంద్రం 12 రెక్కల ఇనుప గాలిమరలను పొలాల్లో నిలబెట్టించింది. అవి వెనకబడటానికి సాంకేతిక లోపాల కంటే కరెంటు మోటారే పెద్ద కారణమని నా అభిప్రాయం. ఉమ్మడి రాష్ట్రంలో 2004లో వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు వచ్చాక బోరు రైతుకు గాలిమర గురించి చెప్పేవాడు అమాయకుడి కిందే లెక్క.

కాబట్టి దీన్ని పొలానికీ, ఇంటి డాబాకూ తీసుకెళ్లొద్దు. నౌపడ, చినగంజాం, ఇసకపల్లి లాంటి ఉప్పు కేంద్రాలున్న మన తీరంలో పరీక్షించి చూడటం మేలు. ఉప్పు పండే ఎండాకాలంలోనే మధ్యాహ్నం దాటాక సముద్రపు గాలి లేస్తుంది. కాలువ నీటిని మడిలోకి ఎక్కించాల్సిన ఎత్తు కొద్దిపాటిదే. ఇవాళ గాలి ఆగితే రేపు తోడుకోవచ్చు. మడే ట్యాంకు, బ్యాటరీ ఖర్చు లేదు. అయితే లోతు బోర్ల నుంచి ఉప్పునీరు లాగే చోట ఇది పనికిరాదు. అక్కడ మోటారు పంపే గతి.

ఇంజనీరింగ్ విద్యార్థులు ఈ ప్రాజెక్టు చేస్తే వోల్టు మీటరు పక్కన పెట్టి, గంటకు ఎన్ని లీటర్లు ఎక్కాయో, ఆ నీటిని ఇంజిన్‌తో తోడితే పోయాల్సిన డీజిల్ ఎంత మిగిలిందో రాసుకోవాలి. ఉప్పుగాలికి ఇనుప బేరింగు ఎన్నాళ్లు నిలిచిందో, ఫ్లెక్సీ గుడ్డ ఎండకు ఎన్ని నెలల్లో పెళుసెక్కిందో కూడా. ఇంకో పద్దు సాధారణంగా ఎవరూ వేయరు. తుఫాను హెచ్చరిక రాగానే తెరచాపలన్నీ దించి చుట్టాలి. ఆ పని చేసే మనిషి కూలీ కలిపాకే ఈ గాలిమర చవకో కాదో చెప్పాలి.