పోటీ లేని ఊరిలో పేదవాని వోటు

పంచాయతీ ఎన్నికలు వచ్చిన ప్రతి పర్యాయమును, నామినేషనుల ఉపసంహరణ గడువు ముగిసిన మరునాడు, ఏ జిల్లాలో ఎన్ని గ్రామములు ఏకగ్రీవమైనవో తెలుపు వార్త పత్రికలలో తప్పక కనిపించును. వ్రాయువారును చదువువారును దానిని శుభవార్తగానే భావింతురు. ఊరు కలహింపక ఒక్క మాటపై నిలిచినదనియు, ఎన్నికల వ్యయము మిగిలినదనియు, ప్రభుత్వము ప్రకటించిన పారితోషికము ఊరికి దక్కుననియు సంతసింతురు. ఆ సంతోషములో నేను పాలుపంచుకొనలేను. భూమి కొందరిదై, కూలి పలువురిదై, అప్పు పత్రములు ఏ రెండు మూడు ఇండ్ల పెట్టెలలోనో పదిలముగానున్న ఊరిలో ఎల్లరును ఒకే మాట పలికిరని విన్నప్పుడు, ఆ మాట మొదట ఎవరి అరుగుమీద పుట్టినదని విచారించుట పౌరధర్మమని నా విశ్వాసము.

ఈ సందేహము క్రొత్తది కాదు. 1949 నవంబరు 25న రాజ్యాంగ నిర్మాణ సభలో ప్రసంగించుచు డాక్టరు అంబేద్కరు, మరి రెండు నెలలలో ఈ దేశము ఒక మహావైరుధ్యములో అడుగిడబోవుచున్నదని హెచ్చరించిరి. రాజకీయములలో ప్రతి మనిషికిని ఒకే వోటు, ప్రతి వోటుకును ఒకే విలువ లభించుననియు, సాంఘికార్థిక జీవనములో మాత్రము ఆ సమానవిలువ నిరాకృతమగుచునే యుండుననియు, ఈ స్థితి చిరకాలము సాగినచో అసమానత వలన నలిగినవారే ఈ ప్రజాస్వామ్య సౌధమును కూల్చివేయుదురనియు ఆ హెచ్చరిక సారాంశము. అంతకు ఏడాది పూర్వము, 1948 నవంబరు 4న, గ్రామమును రాజ్యాంగమునకు పునాదిగా గైకొనుటకు ఆయన సమ్మతింపలేదు. గ్రామము సంకుచితత్వమునకును అజ్ఞానమునకును నెలవని నిర్మొగమాటముగా పలికి పలువురి ఆగ్రహమునకు గురియైరి. ఆ నెల 22వ తేదీననే కె. సంతానము ప్రతిపాదనపై, గ్రామపంచాయతీలను నెలకొల్పవలెనను నిబంధన సభామోదము పొందినది. అదియే నేటి 40వ అధికరణము. గ్రామమే పునాది కావలెనన్న గాంధేయుల ఆశయమును అంబేద్కరు భయమును రెండును సత్యములే. మనము ఆశయమును పంచాయతీ భవనముల గోడలపై వ్రాసికొని, భయమును గ్రంథములకు వదలివేసితిమి.

గ్రామాధికారము పంచాయతీ కార్యాలయమునకంటె పొలము గట్టుపైననే ఎక్కువగా నిర్ణయమగుచుండును. 1973 నాటి భూసంస్కరణల చట్టము కుటుంబమునకు మాగాణి అయినచో 10 నుండి 27 ఎకరములు, మెట్ట అయినచో 35 నుండి 54 ఎకరములు పరిమితిగా విధించినది; ఆ పరిమితికి లోబడినట్లు చూపుటకై పెక్కు భూములు కాగితములమీద బంధువుల పేర, జీతగాండ్ర పేర ఎట్లు చీలినవో ఊళ్లలో ఎరుగనివారు లేరు. ఇక కౌలు సంగతి అంతకంటె సూక్ష్మమైనది. ఆంధ్రప్రదేశములో 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టము కౌలురైతునకు పదునొకండు నెలల కాలమునకు సాగుహక్కు పత్రము నొసగును. పంటఋణమునకును, బీమాకును, తుపాను నష్టపరిహారమునకును ఆ పత్రమే ఆధారము. కాని పత్రము చేతికి రావలెనన్న భూయజమాని సంతకము చేయవలెను. ఆ సంతకము పెట్టవలసిన వ్యక్తియో, ఆయన తమ్ముడో, ఆయన వియ్యంకుడో సర్పంచి పదవికి నిలిచినచో, ఎదురు నామినేషను వేయు సాహసము ఏ కౌలురైతునకు కలుగును? ఎవ్వరును అతనిని బెదిరింపనక్కరలేదు, పిలిచి మందలింపనక్కరలేదు. రాబోవు ఏరువాక తలపునకు వచ్చిన చాలును. మరునాడు పత్రికలో ఆ గ్రామము ఏకగ్రీవమైనదని చదువుదుము.

ఇట్టి ఊరిలో ఎన్నికల పోటీ పేదవానికి ఏమి యిచ్చునో, దూరముగా నుండువారికి సులభముగా తెలియదు. ఐదేండ్లలో ఆ పది పండ్రెండు దినములు మాత్రమే ఊరి పెద్దలు తమంత తాము దళితవాడకు నడచి వత్తురు. గడపయెదుట నిలిచి ఇంటి యజమానురాలిని అమ్మా అని పిలుతురు. కుళాయి ఏల రాలేదో, వీధిదీపము ఏల వెలుగలేదో, శ్మశానమునకు దారి ఎవరి పొలములో కలిసిపోయినదో అడిగి తెలిసికొందురు. హైదరాబాదునకో, ఇటుకబట్టీలకో వలసపోయినవారికి కబురంపి, దారిఖర్చులిచ్చి రప్పింతురు. ఏడాది పొడవునను ఊరు మరచిన మనుష్యులు ఆనాడు ఊరికి అవసరమగుదురు. ఇద్దరు నిలిచినప్పుడు ఆ వాడ వోట్లు తులాదండమును ఒకవైపునకు మొగ్గజేయును. ఒకవేళ ఆ వాడ తనవానినే నిలిపి ఓడిపోయినను, ఎన్ని వోట్లు కూడినవో లెక్క తేలును. ఆ లెక్క తరువాతి ఎన్నికదాకా ఎల్లరి మనస్సులలో నుండి, ఊరి పెద్దలచేత ఆ వాడను ఒక బలముగా గుర్తింపజేయును. పేదవాని చేతిలో బేరమాడుటకున్న సాధనము ఇదొక్కటే. పోటీని తొలగించుటయనగా ఆ సాధనమును అతని చేతినుండి లాగికొనుట.

అయినను ప్రభుత్వములే ఈ తొలగింపునకు వెల కట్టుచున్నవి. గుజరాతులో సమరస్ అను పేర ఈ పద్ధతి 2001లో ప్రారంభమైనది. 2021 ఎన్నికలకు ఆంధ్రప్రదేశములో ఏకగ్రీవ పంచాయతీలకు జనాభానుబట్టి 5 లక్షల రూపాయలు మొదలుకొని 20 లక్షలవరకు ప్రకటింపబడినవి. తెలంగాణములో సయితము ఇట్టి ప్రోత్సాహక నిధుల ప్రకటనలు వినుచునే యున్నాము. ఒక్క చిన్న పంచాయతీకి 5 లక్షలనగా స్వల్పము కాదు. ఆ ధనము చూపి, నామినేషను వేసిన యువకుని ఇంటికి పదిమంది పోయి, నీ ఒక్కనివలన ఊరికి రోడ్డు పోవుచున్నదని నిందింపవచ్చును. ప్రభుత్వము తెలిసియో తెలియకయో ఆ పదిమంది చేతికి ఆయుధమందించుచున్నది. రోడ్డును, మురుగుకాలువయు పౌరులకు హక్కుగా రావలసినవి. పోటీ చేయు హక్కును వదలుకొన్నందులకు ప్రతిఫలముగా రావలసినవి కావు.

ఈ పారితోషికపు నీడలోనే వేలముపాట పెరిగినది. గుడి మంటపమునకు ఇంత, బొడ్రాయి ప్రతిష్ఠకు ఇంత, గ్రామనిధికి ఇంత యని ఎవరు హెచ్చు పాడిన వారికి సర్పంచి పదవిని విడిచిపెట్టి, తక్కినవారు నామినేషనులు వేయకుండ కట్టడి చేసిన ఊళ్ల వార్తలు ప్రతి ఎన్నికలోను వచ్చుచున్నవి. ఆ ధనము ఊరికే కదా, ఎవరి జేబులోనికి పోలేదు కదా యని సమర్థించువారు కలరు. 1920లో భారత శిక్షాస్మృతిలో చేర్చిన అధ్యాయము, ఎన్నికలలో నిలుచుట, నిలువకుండుట, నామినేషను ఉపసంహరించుకొనుట అన్నియు పౌరుని ఎన్నికల హక్కులేయని నిర్వచించి, వానిపై ప్రభావము చూపుటకిచ్చు ప్రతిఫలమును లంచముగా పరిగణించినది. నేటి భారతీయ న్యాయసంహితలోను ఆ నిర్వచనము నిలిచియున్నది. పాట పాడినవాడు లక్షలు వెచ్చించి కొనినది వేరొకరి పోటీ చేయు హక్కునే. పదవి ధనమునకు దక్కినపిదప, ఆ ధనమును రాబట్టుకొను ఆలోచనయు వెంటనే మొదలగును. పోటీ జరిగిన ఊళ్లలో మద్యమును నోట్లును ప్రవహించుట లేదాయని అడుగుదురు. ప్రవహించుచున్నవి, అది మన ప్రజాస్వామ్యమునకు తీరని కళంకము. కాని ఇద్దరివద్దను పుచ్చుకొన్న కూలివాడు సయితము తెరచాటున ముద్ర వేయునప్పుడు తన మనస్సుననుసరించి వేయగలడు. వేలము జరిగిన ఊరిలో అతనికి ఆ తెరచాటు కూడ లేదు.

ఉత్తర తెలంగాణములో నిజామాబాదు, జగిత్యాల, నిర్మల్ ప్రాంతముల గ్రామాభివృద్ధి కమిటీల సంగతి ఇక్కడ చెప్పక తప్పదు. ఊరివారు వీనిని వీడీసీలందురు. ఇవి ఏ చట్టమువలనను ఏర్పడినవి కావు; కులములవారీగా పెద్దలు కూర్చుండి బెల్టుషాపు ఎవరిదో, ఇసుక ఎవరిదో నిర్ణయింతురు, జరిమానాలు విధింతురు. మాట వినని కుటుంబముతో, ఒక్కొక్కప్పుడు మొత్తము కులముతో, ఎవ్వరును మాటాడరాదని, కిరాణాకొట్టువాడు సరకు ఇయ్యరాదని, ఆటోవాడు ఎక్కించుకొనరాదని శాసించిన ఉదంతములు పోలీసుకేసులదాకా వచ్చినవి. ఇట్టి శాసనములును ఊరి ఏకాభిప్రాయము పేరనే వెలువడునని గమనింపవలెను. 1991 ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరులో దళితుల ఊచకోత జరుగుటకు ముందు దినములలో వారిపై అమలైన సాంఘిక బహిష్కారము కూడ ఊరి పేరనే అమలైనది. కనుక ఊరు ఒక్కటిగా నిలిచినదన్న మాట విన్నంతనే శిరస్సు వంచుట నాకు సాధ్యము కాకున్నది. ఆ ఊరిలో వాడ కలదా, వాడ మాట కలదా యని తెలిసికొనవలెను.

తమిళనాడు అనుభవము దీనికంటె కఠోరమైనది. మధురై జిల్లాలో పాప్పాపట్టి, కీరిప్పట్టి, నాట్టార్‌మంగళం పంచాయతీల అధ్యక్షపదవులు 1996లో దళితులకు రిజర్వు కాగా, ప్రాబల్యముగల కులము దానిని అంగీకరింపలేదు. నామినేషనులు పడలేదు, పడినచోట గెలిచినవారు వెంటనే రాజీనామా చేసిరి, ఎన్నికలు మరల మరల ప్రకటింపబడి మరల మరల వృథాయైనవి. పదేండ్లు గడచిన పిమ్మట 2006లోగాని అచట నిలుకడగల ఎన్నిక జరుగలేదు. అదే జిల్లాలోని మేలవలవులో ఎన్నికైన దళిత అధ్యక్షుడు మురుగేశన్‌ను, ఆయన తోడివారిని 1997 జూన్ 30న నరికి చంపిరి. పంచాయతీ పదవులలో దళితులకు రిజర్వేషను కల్పించిన 73వ రాజ్యాంగ సవరణ అమలులోనికి వచ్చినది 1993 ఏప్రిల్ 24న. నాలుగేండ్లకే ఒక మనిషి ఆ సవరణ యిచ్చిన కుర్చీకై ప్రాణము నర్పింపవలసి వచ్చినది.

మనయొద్ద రిజర్వు కుర్చీని అడ్డుకొనుటకు అంతటి రక్తపాతమునకు సామాన్యముగా అవసరము కలుగలేదు. అంతకంటె సున్నితమైన ఉపాయములు కలవు. తెలంగాణములో 2018 నాటి పంచాయతీరాజ్ చట్టము సర్పంచి, ఉపసర్పంచి ఉభయుల సంతకములున్నగాని చెక్కు చెల్లదని నిర్ణయించినది. సర్పంచిని ఊరంతయు ఎన్నుకొనును. ఉపసర్పంచిని వార్డు సభ్యులు ఎన్నుకొందురు. సర్పంచి పదవి దళితునకో, గిరిజనునకో, స్త్రీకో రిజర్వు అయిన ఊరిలో ఉపసర్పంచి పదవికి బలవంతులు పోటీపడుటకు కారణమిదియే. సంతకము ఒక నెల ఆగినచో పారిశుద్ధ్యపు పనివారికి జీతము ఆగును, ట్రాక్టరుకు డీజిలు ఆగును, ఊరు సర్పంచినే తిట్టును. ఇక ఎన్నికలే జరుపకుండుట మరియొక ఉపాయము. ఉమ్మడి రాష్ట్రములో 2011లో ముగిసిన పంచాయతీల గడువునకు ఎన్నికలు 2013లో జరిగినవి. ఆంధ్రప్రదేశములో 2018లో ముగిసిన గడువునకు 2021లో జరిగినవి. తెలంగాణములో 2024 ఫిబ్రవరి మొదలు ప్రత్యేకాధికారులు పాలించిరి. ఐదేండ్లు నిండకముందే ఎన్నికలు ముగియవలెనని రాజ్యాంగము స్పష్టముగా శాసించియుండగా ఇట్లు జరిగినది.

ఏకగ్రీవమును కోరువారందరును దురుద్దేశము గలవారని నేననను. ఎన్నిక ముగిసిన పిమ్మట అన్నదమ్ములు మాటలు మానిన ఇండ్లు, పొలములకు నీరు కట్టివేసిన కక్షలు, రాయలసీమ గ్రామములలో తరములపాటు సాగిన ముఠాతగాదాలు కల్లలు కావు. వానిని చూచి విసిగిన పెద్దలు శాంతిని కోరుట సహజము. ఎల్లరును కూడి, వాడనుండి సయితము మనస్ఫూర్తిగా ఒకరిని ఎన్నుకొనిన ఊళ్లును కలవు. కాని అట్టి ఊరికి పారితోషికముతో పని లేదు, రహస్యపు వోటునకు భయపడవలసిన పనియు లేదు. కక్షలకు మందు పోలీసుల నిష్పాక్షికత, న్యాయస్థానముల సత్వరత. పేదవాని హక్కును బలిపెట్టుట కాదు.

మహారాష్ట్రము ఒక మార్గము చూపినది. సర్పంచి పదవులు వేలము వేయబడినవని తెలియగా 2021 జనవరిలో నాసిక్ జిల్లా ఉమరాణే, నందుర్బార్ జిల్లా ఖోండామళి గ్రామముల ఎన్నికలను అచటి రాష్ట్ర ఎన్నికల సంఘము రద్దుచేసినది. నోటాకు అందరికంటె హెచ్చు వోట్లు వచ్చినచో మరల ఎన్నిక జరుపవలెనని అదే సంఘము 2018లో ఉత్తరువిచ్చినది. తెలుగు రాష్ట్రములలో పంచాయతీ బ్యాలెట్ పత్రముపై నోటా ఇప్పటికే కలదు. కాని ఒక్కరే నిలిచిన ఊరిలో బ్యాలెట్ పత్రమే ముద్రితము కాదు. ఒక్క నామినేషను మిగిలిన గ్రామములో సయితము పోలింగు జరిపి, ఆ అభ్యర్థికిని నోటాకును నడుమ ఊరిని రహస్యముగా వోటు వేయనిచ్చునట్లు నియమావళిని సవరింపవలెను. ఏకగ్రీవ పారితోషికములను పూర్తిగా ఎత్తివేసి, ఆ ధనమును ఎన్నిక ఎట్లు జరిగినను ప్రతి పంచాయతీకిని జనాభానుబట్టి పంచవలెను. వేలముపై ఫిర్యాదు వచ్చినచోట కలెక్టరు విచారణ జరిపి నివేదిక నిచ్చువరకు ఫలితమును ప్రకటింపరాదు; ఆ విచారణ దళితవాడలోనే, అచటివారు నిర్భయముగా మాటాడగల సమయములో, ఊరి పెద్దల సమక్షము లేకుండ జరుగవలెను.