జూబిలీ మందిరము

బెజవాడయందలి బాపు ప్రదర్శనశాలకు ఆ పేరు పుట్టుకతో వచ్చినది కాదు. విక్టోరియా రాణి పట్టమునకు వచ్చి ఏబది సంవత్సరములు నిండిన సందర్భమున, పారిశ్రామిక ప్రదర్శనములకై తలపెట్టిన ఆ మందిరమునకు 1887వ సంవత్సరము జూన్ 27వ తేదీన శంకుస్థాపన జరిగెను. పరాయి రాణి పేర వెలసిన భవనము నేడు గాంధీ మహాత్ముని పేర నిలిచియుండుట చూచి సంతసింపని ఆంధ్రుడుండడు. అయినను ఆ సంతోషమున తొలి పేరును బొత్తిగా తుడిచివేయవలెనను వారితో మేము ఏకీభవింపజాలము.

శంకుస్థాపన చేసినది రాబర్టు సూయెల్ దొర. ఆయన పాలకవర్గములోనివాడే. అయినను 1877లో అమరావతి దిబ్బను త్రవ్వించి నివేదిక వ్రాసినవాడును, 1900లో ప్రకటించిన గ్రంథముతో విజయనగర సామ్రాజ్య చరిత్రను ఆంగ్లము చదువువారికి తెలిపినవాడును ఆయనయే. ఆయన అమరావతికి పోవునాటికే అచ్చట జరుగవలసిన నష్టము చాలవరకు జరిగిపోయెను. పదునెనిమిదవ శతాబ్దాంతమున వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడుగారు నూతన పట్టణము కట్టించునపుడు స్తూపపు రాళ్లు నిర్మాణములకు తరలిపోయెను. 1845లో ఎలియట్ దొర త్రవ్వించిన శిల్పములు పిమ్మట సముద్రము దాటి లండను చేరెను. రెండవదానిని తలచి కన్నులెఱ్ఱజేయు మనము మొదటిదానిని మరచుట న్యాయమా?

ఇక 1921. మార్చి 31, ఏప్రిల్ 1 తేదీలలో అఖిల భారత కాంగ్రెసు సంఘము బెజవాడలో సమావేశమయ్యెను. జూన్ 30వ తేదీ లోపల తిలకు స్వరాజ్యనిధికి కోటి రూపాయలు, కాంగ్రెసున కోటిమంది సభ్యులు, ఇండ్లలో ఇరువది లక్షల రాట్నములు సమకూర్పవలెనని అచ్చట తీర్మానించిరి. ఆ సందర్భముననే భట్లపెనుమర్రు వాస్తవ్యులు పింగళి వెంకయ్యగారు పతాకమును చిత్రించి గాంధీజీ కందిచ్చిరి. అందుచేత నగరవాసులు ఈ మందిరమును త్రివర్ణ పతాకమునకు పుట్టినిల్లని చెప్పుకొందురు.

ఈ గౌరవమును మేము తగ్గింపగోరము గాని, సత్యమును మాత్రము పూర్తిగా చెప్పవలెను. అదే నెల 13వ తేదీన యంగ్ ఇండియా పత్రికలో గాంధీజీయే వ్రాసినదేమనగా: వెంకయ్యగారు మూడు గంటలలో పతాకమును సిద్ధము చేసిరి, అయినను సంఘము ముందుంచుటకు కొంచెము ఆలస్యమయ్యెను. ఆ ఆలస్యము మేలే చేసెను. ఎఱుపు, ఆకుపచ్చ రంగులు మాత్రమే యుండిన ఆ పతాకమున ఇతర మతములవారికిని చోటుండవలెనని తోచి, ఆయన తెలుపును చేర్పించెను. రాట్నము నుంచవలెనన్న సూచన జలంధరు వాస్తవ్యులు లాలా హంసరాజుగారిది. రంగులు 1931లో మారెను. 1947 జూలై 22న రాజ్యాంగసభ రాట్నమునకు మారుగా అశోకుని చక్రమును స్వీకరించెను. బెజవాడలో పతాకము ఆమోదింపబడెనని పలుకు ఉపన్యాసకులు ఈ చరిత్రను ఒకమారు చదివికొందురుగాక. ఆమోదింపబడలేదన్నంత మాత్రమున వెంకయ్యగారి కీర్తికి వచ్చిన లోటేమియు లేదు.

1962లో ఈ భవనము పురావస్తు ప్రదర్శనశాలయయ్యెను. అల్లూరునుండి తెచ్చిన పాలరాతివంటి సున్నపురాతి బుద్ధవిగ్రహమును చూచుటకైనను ఒకమారు పోవలసిన చోటిది. 2020లో మరమ్మతులు ముగించి మరల తెరచిరి. అచ్చటి శిలలను చూచు పండితుడు మొదట అడుగునది, ఇది ఎచ్చట దొరకినదని. దొరకిన చోటు తెలియని ప్రతిమకు విలువ సగము పోవును. భవనము సంగతియు నంతే. విక్టోరియా పేరు తీసివేసినచో గాంధీజీ పేరు అచ్చటికి రావలసిన పనియేమో రేపటి బాలునికి బోధపడదు. కావున రెండు పేర్లును, రెండు తేదీలును ద్వారముకడ ప్రక్కప్రక్కనే యుండవలెనని మా కోరిక.

భూస్వాములకు వేరుగా ఒక మాట. నాగటికి తగిలిన శిల్పమును ఇంటి మెట్టుగానో, చాకిరేవు బండగానో వాడుకొనుట మన పల్లెలలో కొత్త గాదు. భూమిలో దొరకిన, పది రూపాయలకు మించిన విలువగల వస్తువును కలెక్టరునకు తెలుపవలెనని 1878నాటి నిధుల చట్టము విధించినది. చట్టముమాట యటుండనిండు, కదల్పకముందే అధికారులకు కబురంపినచో దొరకిన చోటైనను నమోదగును. 1921లో తాతలు తిలకు నిధికి చెల్లించిన చందాల రసీదులు, ఆనాటి సభ్యత్వ పత్రములు ఏ పాతపెట్టెలోనైన మిగిలియున్నచో, వానిని చెదలపాలు చేయక ఈ ప్రదర్శనశాలకే యిచ్చివేయుడు.