బ్రాయిలర్ బేరాల్లో లెక్కకు రాని పేగు జబ్బు

బ్రాయిలర్ బేరాల్లో షెడ్డులో ఎన్ని కోళ్లు చచ్చాయన్నదే వర్తకుల మొదటి ప్రశ్నగా ఉంటున్నది. బతికినవి తిన్న దాణా ఏమయిందన్నది కాటా మీదకు ఎక్కేదాకా ఎవరికీ పట్టదు. అసలు నష్టం చాలాసార్లు ఈ రెండవదానిలోనే ఉంటుంది.

కాక్సిడియోసిస్‌ను, నెక్రోటిక్ ఎంటరైటిస్ అనే పేగుకుళ్లు జబ్బును వేర్వేరు పద్దుల్లో రాయడం వాడుక. పేగులో మాత్రం మొదటిది రెండవదానికి జామీను. ఐమీరియా అనే పరాన్నజీవి పేగు గోడ కణాల్లో పెరిగి, వాటిని పగులగొట్టుకొని బయటపడుతుంది. ఆ పుండ్ల నుండి రక్తంలోని మాంసకృత్తులు పేగులోకి ఊరుతాయి, జిగురు పెరుగుతుంది. ఆరోగ్యవంతమైన కోడిలో సైతం కొద్దిగా ఉండే క్లాస్ట్రీడియం పెర్‌ఫ్రింజెన్స్ బాక్టీరియాకు కావలసిన మేత అదే. విషం వదిలే రకమైతే పేగు పొర కుళ్లుతుంది. దాణాలో చేపపొడి మితిమీరినా ఈ ముప్పు పెరుగుతుంది.

జబ్బు ముదిరితే చావులు కనబడతాయి. ముదరకుండా లోలోపల సాగితేనే చిక్కు. కిలో బరువుకు 100 గ్రాముల దాణా అదనంగా పట్టిందనుకుంటే, రెండు కిలోల కోళ్లు పదివేలకు రెండు టన్నులు వృథా. మొక్కజొన్న దళారులు దీనిని గిరాకీ అని పొరబడరాదు; చేయి కాలిన ఫారం తరువాతి బ్యాచ్‌లో పిల్లలను తగ్గిస్తుంది.

స్వీడన్ 1986లో పెరుగుదల కోసం దాణాలో యాంటీబయాటిక్స్ కలపడాన్ని నిషేధించిన తరువాత అక్కడి బ్రాయిలర్లలో పేగుకుళ్లు పెద్ద సమస్యగా తలెత్తింది. యూరోపియన్ యూనియన్ 2006 జనవరి 1 నుండి అదే బాట పట్టినా, మోనెన్సిన్ వంటి కాక్సిడియా మందులను దాణాలో ఉండనిచ్చింది. ఇవి క్లాస్ట్రీడియాన్ని కూడా కొంతమేర అణచిపెట్టడం గమనార్హం. ఖర్చు మిగులుతుందని ఈ మందులో కోత పెట్టే ఫారం, బాక్టీరియాకు తలుపు తీస్తున్నట్లే. అలాగని ఏళ్ల తరబడి ఒకే మందు నడిపితే పరాన్నజీవి దానికి లొంగదు.

వానాకాలంలో షెడ్డులోని ఊక తడిసి గడ్డకడితే, రెట్టతో పడిన పరాన్నజీవి గుడ్లు అందులోనే పక్వానికి వస్తాయి. మంద మీద ముందస్తు బేరం కుదుర్చుకునేవారు చావుల సంఖ్యతోపాటు ఊక తడినీ, మూడు నాలుగు వారాల వయసులో వచ్చిన బరువునూ అడిగి రేటు కట్టాలి. తడి షెడ్డుకూ పొడి షెడ్డుకూ ఒకే అడ్వాన్సు ఇవ్వడం సబబు కాదు.