బ్యాటరీకి భక్తి, చక్రానికి విరక్తి

తొలకరి మొదలయ్యేసరికి విద్యుత్ స్కూటరు కొన్నవారందరిదీ ఒకటే ప్రశ్న: "వానలో తడిస్తే బ్యాటరీకి ఏమీ కాదు కదా?" అమ్మేవారి వద్ద జవాబు సిద్ధంగా ఉంటుంది. ఐపీ 67 అంటారు. అంటే ధూళి చొరబడదు, మీటరు లోతు నీటిలో 30 నిమిషాలు మునిగినా లోపలికి నీరు దిగదు. విన్నవారు తృప్తిపడి ఇంటికి వెళ్తారు. ఆ 67ను కంఠస్థం చేసినవారిని "మీ బండి వెనుక టైరులో గాలి ఎంత ఉండాలి?" అని అడిగి చూడండి. చాలామంది ఆకాశం వంక చూస్తారు.

నా వాదం సూటిగా చెబుతాను. వానాకాలంలో స్కూటరు మీది మనిషిని పడదోసేది బ్యాటరీ కాదు, టైరు. ఆ టైరును ఎవరో ఒకరు చూసే సందర్భాలన్నిటినీ విద్యుత్ స్కూటరు మన జీవితంలోంచి ఒక్కొక్కటిగా తొలగించింది. "నిర్వహణ అక్కరలేని బండి" అనే ప్రచారం ఆ లోటునే సుగుణంగా చెలామణీ చేస్తోంది. నా తగవు విద్యుత్ బండితో కాదు, ఆ మాటతో.

1972లో వచ్చిన చేతక్ స్కూటరును తలచుకోండి. దానికి ఒక స్టెప్నీ ఉండేది. ముందు, వెనుక చక్రాలు ఒకే కొలతవి కావడంతో మూడింటినీ మార్చి మార్చి వాడుకొనేవారు. నట్లు విప్పి చక్రం చేతిలోకి తీసుకున్నవాడికి దాని అరుగుదల కనబడక మానదు. ఆ పేరే 2020లో విద్యుత్ స్కూటరుగా తిరిగివచ్చింది. స్టెప్నీ మాత్రం రాలేదు. ఇది ఆ ఒక్క బండి సంగతి కాదు. ట్యూబులేని టైర్ల కాలంలో స్టెప్నీ దాదాపు అన్ని స్కూటర్లనుంచీ సెలవు తీసుకుంది. పెట్రోలు బండికి మరో దిక్కు మిగిలింది: బంకు. ఇంధనానికి వెళ్ళినప్పుడు పక్కనే గాలి గొట్టం కనబడుతుంది. విద్యుత్ బండి యజమానికి బంకుతో పని లేదు. కాలుష్య ధ్రువపత్రం నుంచీ అతనికి మినహాయింపు ఉంది. సొంత ద్విచక్రవాహనం రిజిస్ట్రేషను 15 ఏళ్ళు చెల్లుతుంది. ఆ మధ్యకాలంలో ఫిట్‌నెస్ పరీక్ష అడిగేవారు లేరు. ఇక ఆ టైరును చూసేదెవరు?

చట్టం లేదా అంటే, ఉంది. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళిలోని 94వ నియమం ప్రకారం ద్విచక్రవాహనాల టైరు గాడి లోతు 0.8 మిల్లీమీటర్లకు తగ్గరాదు. కానీ కూడలిలోని కెమెరాకు శిరస్త్రాణం కనబడుతుంది, నంబరు పలక కనబడుతుంది, వెనుక కూర్చున్నవారి సంఖ్య కనబడుతుంది. గాడి లోతు కనబడదు. కనబడనిదానికి జరిమానా లేదు; జరిమానా లేనిదానికి మనలో భయమూ లేదు.

"టైరు అంటే అన్ని బండ్లకూ టైరే కదా, విద్యుత్ స్కూటరుకు ప్రత్యేకమేమిటి?" అని అడిగేవారున్నారు. ప్రత్యేకం ఉంది. బ్యాటరీ మూలంగా చాలా విద్యుత్ స్కూటర్లు అదే తరగతి పెట్రోలు స్కూటర్లకంటే బరువు. పైగా మోటారు నిలుచున్న చోటనుంచే పూర్తి బలంతో చక్రాన్ని తిప్పుతుంది. పొడి రోడ్డుమీద ఇది సరదా. తడి రోడ్డుమీద, సిగ్నలు వద్ద వేసిన తెల్లగీతల రంగుమీదనో, డ్రైనేజీ ఇనుప మూతమీదనో వెనుక చక్రం ఉన్నచోటనే గిర్రున తిరగడానికి అదే కారణం. యాక్సిలరేటరు వదలగానే మోటారు వెనుక చక్రాన్ని బిగబట్టి విద్యుత్తును తిరిగి రాబట్టుకుంటుంది. ఆ లాగుడంతా వెనుక టైరు మీదనే. కనుక అది ముందుదానికంటే త్వరగా అరుగుతుంది. ట్రాక్షన్ కంట్రోలు ఉన్న బండ్లూ ఉన్నాయి, నిజమే. కానీ లేని పట్టును అది పుట్టించలేదు.

తడి రోడ్డుమీద జరిగేదేమిటో కూడా చూద్దాం. రోడ్డును తాకే రబ్బరు మన అరచేతికంటే చిన్న ముక్క. దాని కింద చేరిన నీటిని పక్కలకు నెట్టేవి గాళ్ళు. అవి అరిగిపోతే రబ్బరుకూ తారుకూ నడుమ నీటిపొర మిగులుతుంది. మొదటి జల్లు మరీ ప్రమాదం: ఎండాకాలమంతా పేరుకున్న నూనె, ధూళి, రబ్బరుపొడి నీటితో కలిసి జారుడు పూతగా మారతాయి. పొడి తారుమీద గంటకు 40 కిలోమీటర్ల వేగంలో బ్రేకు నొక్కాక సుమారు 9 మీటర్లలో ఆగగలిగిన బండికి, పట్టు సగమైతే 18 మీటర్లు కావాలి. ముందున్న ఆటో ఆ 9 మీటర్ల అప్పు ఇవ్వదు.

ఇక మన వీధి వైద్యాలు. "వానలో గాలి కాస్త తగ్గిస్తే పట్టు పెరుగుతుంది" అనేది మొదటిది. బురదలోనో ఇసుకలోనో చెల్లే మాటను తారురోడ్డుకు అంటగట్టడం ఇది. గాలి తగ్గిన టైరు నడుమ కుంగి, గాళ్ళు మూసుకొని, నీటిని సరిగ్గా నెట్టలేదు. "గాలి బిగిస్తే ఛార్జింగు ఎక్కువ దూరం వస్తుంది" అనేది రెండవది. రెండు కిలోమీటర్ల లాభానికి రోడ్డును తాకే రబ్బరును ఇంకా చిన్నది చేసుకోవడం ఏ లెక్క? అరిగిన టైరుకు బ్లేడుతో కొత్త గాట్లు పెట్టించుకోవడం మూడవది. మిగిలిన పలుచని రబ్బరును కోసి లోపలి దారాలను బయటపెట్టే ఈ పనిని పొదుపు అనడం పొదుపుకే అవమానం. కడిగే చోట టైరంతా నిగనిగలాడే పాలిష్ పూయించుకోవడం నాలుగవది. పక్క గోడకు పూసింది రోడ్డును తాకేచోటికి పాకితే అందం అక్కడే జారిపడుతుంది.

"ముందు రోడ్ల గుంతలు పూడ్చమనండి" అనే వాదాన్ని కాదనను. పురపాలకుల నిర్లక్ష్యం నిర్లక్ష్యమే. అయితే గుంత పూడేవరకూ మన టైరు గుండుగా ఉండాలన్న నియమమేదీ లేదు కదా!

ఈ విషయంలో నన్ను అన్నిటికంటే కలవరపెట్టేది అద్దె విద్యుత్ స్కూటర్లమీద అన్నం, సరుకులు తెచ్చే కుర్రవాళ్ళ సంగతి. వాన పడినప్పుడే మనం గడప దాటం. అప్పుడే వారికి ఆర్డర్లు పెరుగుతాయి. రోజంతా తిరిగే ఆ బండి టైరు ఎంత త్వరగా అరుగుతుందో చెప్పనక్కరలేదు. దానిని మార్చే బాధ్యత బండి యజమానిదని అద్దె ఒప్పందంలో స్పష్టంగా ఉండాలి. ప్రభుత్వం ఉండేలా చూడాలి. సుమారు 2,000 రూపాయల టైరు ఎవరు కొనాలన్న తగాదాలో ఒక కుటుంబపు సంపాదన రోడ్డున పడకూడదు.

చేయవలసింది కొండంత పనేమీ కాదు. ఏరువాకకు ముందు రైతు కర్రు చూసుకుంటాడు. మనం మృగశిర కార్తెకు ముందు టైరు చూసుకోవాలి. పక్క గోడమీద చిన్న త్రికోణం గుర్తో, టీ.డబ్ల్యు.ఐ. అన్న అక్షరాలో ఉంటాయి. దానికి సూటిగా గాడిలో ఒక చిన్న దిమ్మె ఉంటుంది. పై రబ్బరు దాని మట్టానికి వచ్చేదాకా ఆగవద్దు. వానలకు ముందే మార్చండి. నాలుగంకెల తయారీ తేదీ చూడండి: 2321 అంటే 2021వ సంవత్సరం 23వ వారం. గాళ్ళు బాగున్నా పాతబడి గట్టిపడిన, పగుళ్ళిచ్చిన రబ్బరు తడిలో పట్టదు. రెండు వారాలకొకసారి, బండి తీయకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడు, బండి తయారీదారు చెప్పిన అంకెకు గాలి సరిచూడండి. బంకులో గాలి ఉచితం. పెట్రోలు కొననివాడికి పట్టనక్కరలేదన్న నియమం లేదు. మొగమాటం వద్దు. కొత్త టైరు వేయించినా మొదటి 150 కిలోమీటర్లు నెమ్మదిగా వెళ్ళండి. దాని నునుపు పోయేదాకా జారుతుంది. వానలో ఎకో మోడ్‌లో నడపడం నామోషీ కాదు.

దీనితో విభేదించేవారు ఉంటారని తెలుసు. ముందుగా తమ బండి వెనుక టైరును ఒక్కసారి వంగి చూసి, ఆ తరువాతనే వాదానికి రావలసిందిగా ప్రార్థన.